గట్టు కనపడని ఫొటో

ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. మా అమ్మాయి నడుములోతు పసుపుపచ్చ పూలలో నిలబడి రెండు చేతులూ చాపింది. గట్టు గానీ, దారి గానీ, కరెంటు స్తంభం గానీ పడకూడదని నేనే ఆ పిల్లని లోపలికి, ఇంకా లోపలికి నడిపించాను.

ఆటోనగర్‌లో మాది లారీ బాడీలకు రంగులేసే షెడ్డు. ఏడాదంతా థిన్నర్ వాసన, సుత్తి మోతలే. అందుకని 2022 నవంబరులో ఒక ఆదివారం షెడ్డు కట్టేసి రెండు కుటుంబాలం అరకు బయల్దేరాం. ఆ ఏప్రిల్‌లోనే పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, అరకు అందులోకి వెళ్ళింది. మా నోట్లో మాత్రం ఇంకా అది ‘మన వైజాగ్ అరకే’. గాజువాకలో చీకట్నే బండెక్కి, పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటేసరికి తెల్లారింది. అనంతగిరి ఘాట్‌లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. బొర్రా గుహలు తిరుగుప్రయాణంలో చూద్దామనుకున్నాం. అరకు దగ్గర పడుతుండగా రోడ్డు పక్కన కొండవాలంతా పసుపు. బండి ఆపమన్నది నేనే.

చెప్పులతోనే దిగాం, ఎనిమిదిమందిమి. మేం అడుగేసిన చోటల్లా తేనెటీగలు లేచిపోయాయి. పిల్లలు పరిగెత్తారు. పావుగంట తర్వాత గట్టు మీద ఒకావిడ కనపడింది. చేతిలో కొడవలి, వీపున కట్టుకున్న పసిబిడ్డ.

“మనిషికి ఇరవై ఇవ్వండి బాబూ. గట్టు మీద నిలబడి తీసుకోండి.”

“రోడ్డు పక్కన పూలకి డబ్బులేటమ్మా?” అన్నాను. బేరమాడి అందరికీ కలిపి యాభై ఇచ్చాను. ఆమె నోటు కొంగున కట్టుకుని చేలోకి దిగింది. మేం నడిచిన వరసలో వొంగిన మొక్కల్ని ఒక్కోటీ పట్టి లేపుతోంది. కొన్ని నిలబడ్డాయి. చాలావరకు నిలబడలేదు. “గింజ పట్టలేదు ఇంకా” అంది, మాతో కాదు. నేను విన్నాను. విని కారెక్కాను. ఆ రాత్రి రిసార్ట్‌లో థింసా ఆడించారు. ఒకరి వీపు వెనకనించి ఒకరు చేతులు పట్టుకుని వరసగా అడుగేస్తుంటే వీడియో తీసుకున్నాను.

తిరిగొచ్చాక షెడ్డులో ఫొటో అందరికీ చూపించాను. నా దగ్గర పుట్టీ పట్టే కుర్రాడొకడు హుకుంపేట వైపు కొండ ఊరివాడు. మూడేళ్ళుగా నా పక్కనే కూర్చుని క్యారేజీ తింటున్నాడు. ఫోన్ తీసుకుని మా అమ్మాయి ముఖం చూడలేదు. వేళ్ళతో ఫొటో పెద్దది చేసి కింద విరిగిన కాడలు చూశాడు.

“ఎవులిదన్నా ఆ సేను?”

నాకు తెలీదు. అడగలేదు.

వాడే చెప్పాడు. అవి వలిసెలు. నీటివసతి లేని వాలు నేలల్లో వానల చివర చల్లుతారు. కాడ గుల్లగా ఉంటుంది, అడుగు పడితే విరుగుతుంది. ఒక మొక్క పుప్పొడి ఆ మొక్కకి పనికిరాదు. పక్క మొక్కనించి తేనెటీగ తెచ్చి వాలిస్తేనే గింజ కడుతుంది. ఆ నల్లగింజ ఆడిస్తే నూనె. ఇంట్లో కూరకి అదే. మిగిలిన గింజ సంతకి వెళితే ఉప్పూ, బట్టా.

“పోయిన సంక్రాంతికి తెచ్చాను కదన్నా, సీసాలో” అన్నాడు.

తెచ్చాడు. కిళ్ళీకొట్టు వాటర్ బాటిల్లో, మూతకి గుడ్డ చుట్టి. దాన్ని ఇంటికి తీసుకెళ్ళలేదు. కంప్రెసర్ పక్కన పెట్టుకుని, చేతులకంటిన ఎనామిల్ వదలడానికి రాసుకున్నాను. వాడి ఎదుటే రాసుకున్నాను. వాళ్ళమ్మ పంపిన నూనె అని వాడు ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు వాడు సీసా మాట ఎత్తేసరికి నా చూపు కంప్రెసర్ పక్కకే పోయింది. సీసా అడుగున వేలెడు నూనె, మూత మీద నా ఎర్ర వేలిముద్రలు.

ఏజెన్సీ భూమి బయటివాళ్ళం కొనకుండా 1/70 చట్టం ఉంది. గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు చెప్పిన సమత తీర్పు కూడా బొర్రా పంచాయతీ భూముల తగాదాలోంచే వచ్చింది. అక్కడి గిరిజనులు అంత పోరాడి కాపాడుకున్న నేల అది. నేను యాభై రూపాయలకి తొక్కాను.

మరుసటి నవంబరులో ఆ కుర్రాణ్ణి వెంటపెట్టుకుని వెళ్ళాను. ఆమె కనపడితే ఆ రోజు బాకీ ఇవ్వాలి, క్షమించమని అడగాలి. అదే రోడ్డు, అదే వాలు. ఎటు చూసినా పసుపే. వాడు ఫోన్ తీసుకుని గుర్తుపట్టడానికి చూశాడు. గట్టు లేదు, చెట్టు లేదు, స్తంభం లేదు. దేన్ని బట్టి పోల్చమంటావన్నా అన్నాడు.