గంటలో గోలకొండ

టూరు బస్సులో ఊరు చూడడం పెళ్ళి పంక్తిలో భోంచేయడం లాంటిది. వడ్డించేవాడి తొందర వాడిది. పప్పన్నం రుచి తెలిసేలోగా చారు వచ్చేస్తుంది. అది తెలిసి కూడా హైదరాబాదు చూపించే బస్సుకు అయిదు టిక్కెట్లు తీసుకున్నాను: నాకూ, మా ఆవిడకూ, ఇద్దరు పిల్లలకూ, అమ్మకూ.

"నువ్వేం చూస్తావమ్మా?" అని ముందు రోజే అడిగాను.

"రామదాసు ఖైదు" అన్నది అమ్మ. ఇంకేమీ కోరలేదు.

పొద్దున సాలార్‌జంగ్ మ్యూజియంలో దింపారు. గంట గంటకూ ఓ బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టిపోయే గడియారం ముందు మా పిల్లలు కూలబడ్డారు. పన్నెండు కొట్టేదాకా లేవలేదు. మా ఆవిడ మేలిముసుగు రెబెక్కా బొమ్మ ముందు నిలబడి, పాలరాతిలో అంత పల్చటి బట్ట ఎలా చెక్కారా అని ఆశ్చర్యపోతూ ఉండిపోయింది. అమ్మ మాత్రం ఓ బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంటూ ఉంది.

చార్మినారు 1591లో కట్టారని గైడు చెబుతుండగా మేము లాడ్ బజారులో గాజుల బేరంలో ఉన్నాము. పావుగంట ఆలస్యంగా బస్సెక్కితే అందరూ మావంకే చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

గోలకొండ చేరేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. గైడు గుమ్మటం కింద నిలబడి చప్పట్లు చరిచి, "ఈ చప్పుడు కొండమీది బాలాహిస్సారుకు వినపడుతుంది. శత్రువు వస్తే కబురు ఇలాగే చేరేది" అన్నాడు. ఆ వెంటనే, "మూడు వందల అరవై పైచిలుకు మెట్లున్నాయి. ఎక్కలేనివారు కిందే ఉండండి. గంటలో అందరూ బస్సులో ఉండాలి" అన్నాడు.

పిల్లలు మా ఆవిణ్ణి లాక్కుని పరుగెత్తారు. నేను అమ్మతో, "నువ్వీ నీడలో కూర్చో. ఆ ఖైదు ఫోటో తీసుకొచ్చి చూపిస్తాను" అన్నాను. అమ్మ జవాబు చెప్పలేదు. కొంగు నడుముకు దోపుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

నాకు విసుగొచ్చింది. గాజుల బేరానికి నోరెత్తని పెద్దమనిషిని, "నీవల్ల నలభైమంది ఆగాలామ్మా?" అనేశాను. ఖైదు శిఖరాన లేదు, ఎక్కే దారిలోనే వస్తుంది. కాని అమ్మకు పది మెట్లకొక మజిలీ. మా బస్సువాళ్ళందరూ మమ్మల్ని దాటిపోయారు. చివరికి మాకు తోడు మిగిలింది చేతికర్రతో వస్తున్న ఓ రిటైరైన హెడ్మాస్టరుగారు.

ఆ కథ తెలియని తెలుగు ఇల్లు లేదు. పన్ను సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించిన కంచెర్ల గోపన్నను తానీషా పన్నెండేళ్ళు ఇక్కడే ఉంచాడంటారు. చీకటి గది. గోడమీద రాతిలో మలిచిన మూర్తులు. అమ్మ అక్కడ నిలబడి, పెదవులు కదిలీ కదలకుండా ఏదో కీర్తన పాడుకుంది. నేను గడియారం చూసుకున్నాను.

"ఉండనివ్వండి. బస్సు మనల్ని వదిలిపోదులెండి" అన్నారు హెడ్మాస్టరుగారు.

దిగేటప్పుడు ఆయనే చెప్పారు. ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని ఈ కోట, 1687లో లోపలివాడే తలుపు తీయడంతో పోయిందట. పట్టుబడ్డ తానీషాను దౌలతాబాదు కోటలో పెట్టారు. 1699లో చనిపోయేదాకా ఆయన ఖైదీయేనట.

అమ్మ మెట్టు మీద ఆగిపోయింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"అయితే ఆయనకూ పన్నెండేళ్ళేనా బాబూ?"

"అవునమ్మా."

"పాపం! రామదాసుకు పాడుకోవడానికి రాముడున్నాడు. ఆ మహారాజు ఏం పాడుకున్నాడో!"

హెడ్మాస్టరుగారు ఏమీ అనలేకపోయారు. నాకైతే తల వంగిపోయింది. ఈ కథ ఎన్నిసార్లు విన్నానో, ఖైదు చేసినవాడి సంగతి ఒక్కనాడూ ఆలోచించలేదు. మోకాళ్ళ నొప్పితో ఎక్కినావిడకు ఆ ఆలోచన వచ్చింది.

కింద బస్సు హారను మోగుతూనే ఉంది. మేము చేరేసరికి ఇరవై నిమిషాల ఆలస్యం. డ్రైవరు ఏదో అనబోయాడు. ఈసారి నేను కిటికీవైపు తిరగలేదు. "ఆలస్యం మావల్లే. మా అమ్మ రామదాసు ఖైదు చూసి వచ్చింది" అని అందరికీ వినపడేటట్లు చెప్పాను. ముందు సీటులోని కొత్త పెళ్ళికూతురు లేచి, "ఇక్కడ కూర్చోండి మామ్మగారూ" అన్నది.

ఆ రోజు తీసిన ఫోటోలు చాలానే ఉన్నాయి. ఖైదు ఫోటో ఒక్కటీ లేదు. తీసిపెడతానన్నవాణ్ణి, గడియారం చూసుకుంటూ నిలబడ్డాను కదా!