పంట వేసే ముందు లెక్క: వియత్నాం కాఫీ రైతుల కథ

 

మేము హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఎకనామిక్స్‌లో వియత్నాం గురించి చదివాక, ఇది మన కాఫీ తోటల వాళ్లకు తెలియాలి అనిపించింది.

అక్కడ ఒకప్పుడు భూమి సహకార సంఘాల చేతిలో ఉండేది. ఏ పంట వేయాలో పైనుంచి చెప్పేవారు, పనికి పాయింట్లు వేసి ధాన్యం పంచేవారు. రైతుకు లాభనష్టాల లెక్కతో పనే లేదు. 1986లో దోయ్ మోయ్ సంస్కరణలు మొదలయ్యాయి. 1988లో భూమిని కుటుంబాలకు సాగుకు అప్పగించారు. 1993 చట్టంతో ఆ హక్కును తాకట్టు పెట్టే వీలు కూడా వచ్చింది. అంటే ప్రతి ఇల్లూ ఒక వ్యాపారం అయిపోయింది. హక్కు ఇవ్వడానికి కాగితం చాలు. వ్యాపారం నడపడం మాత్రం ఒకరు నేర్పాలి.

1994లో బ్రెజిల్‌లో మంచు కురిసి కాఫీ ధర బాగా పెరిగింది. డాక్ లాక్ కొండల్లో (ఎదే ఆదివాసుల నేల అది) జనం కాఫీ మీద పడ్డారు. మొక్క కాపుకు రావాలంటే మూడేళ్లు. నాటిన నాటి ధర, అమ్మే నాటి ధర ఒకటి కాదు కదా! ఎగుమతిలో వియత్నాం బ్రెజిల్ తర్వాతి స్థానానికి చేరింది, 2001కల్లా ధర మాత్రం దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత పడిపోయింది. అప్పు చేసి నాటినవాళ్లలో కొందరు తోటలే నరికేసుకున్నారు.

మన దగ్గర మీటింగులు పెట్టినా దిగుబడి ఎలా పెంచాలో చెప్తారు, ధర సగమైతే ఏం చేయాలో చెప్పరు. మా ఉద్దేశంలో ముందు నేర్పాల్సింది అదే. ధర సగమైతే అప్పు తీరుతుందా? కాపు వచ్చేదాకా ఇంట్లో ఏం తింటాం? మనకు సిల్వర్ ఓక్ చెట్లకు పాకే మిరియాలు ఉన్నాయి కాబట్టి కొంత నయం.

ఈ లెక్క మాలో ఒకరి ఇంట్లో వేసి చూశాం. వాళ్ల అమ్మ, "మన కష్టానికి కూడా లెక్కేంట్రా" అని నవ్వింది. పండు కోతకు ఇంటివాళ్లు పెట్టిన రోజులు కూడితే 41 వచ్చాయి. రోజుకు 300 చొప్పున 12,300 రూపాయలు. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే షావుకారు చెప్పిన రేటు గిట్టదన్నమాట" అంది. ఈసారి జీసీసీ రేటు కనుక్కున్నాకే అమ్ముతాం అంటున్నారు.

సంక్రాంతి సెలవులకు మేము ఊళ్లకు వస్తున్నాం. మీ తోట లెక్క కూడా వేయాలంటే ఊరి పేరు కామెంటులో పెట్టండి. ఖర్చు చీటీలు మాత్రం పారేయకండి!