గాయపడిన బాలుని ఆడింపవచ్చునా?

ఆటలలో దెబ్బలు తగులుట క్రొత్త సంగతి కాదు. దెబ్బ తగిలిన బాలుని మరల ఆటకు దింపవలెనా, కూర్చుండబెట్టవలెనా యను ప్రశ్నయు క్రొత్తది కాదు. ప్రతి పాఠశాలలోను ఏటేట ఈ ప్రశ్న పుట్టుచున్నను, దీనికి మనము ఒక నియమమును ఏర్పఱచుకొనలేదు. ఆ దినమున ఎవరి గొంతు పెద్దదో వారి మాటయే చెల్లుచున్నది. పోటీ దగ్గఱపడిన కొలది పెద్దగొంతులన్నియు ఒకే ప్రక్కకు చేరుటను మా ఉపాధ్యాయవృత్తిలో పలుమాఱులు చూచితిమి. అందొక సందర్భమును పాఠకుల ముందుంచి, దానినుండి తేలు విషయమును విచారింప దలచితిమి.

మేము హైదరాబాదు నగరమున మోతీనగరులో నివసించుచున్నాము. ఒక ప్రక్క సనత్‌నగరు కర్మాగారములు, మఱియొక ప్రక్క బోరబండ. కొంతదూరము పోయిన జూబిలీహిల్సు, ఫిలింనగరు. తెరమీద కనబడువారు అచ్చట నుందురు. తెరవెనుక పాటుపడు వడ్రంగులు, లైట్‌బాయిలు, బండ్లు తోలువారు మా ప్రక్కల అద్దెయిండ్లలో నుందురు. అట్టి వడ్రంగి ఒకని కుమారుడు మా తరగతిలో చదువుచుండెను. వయస్సు 14 ఏండ్లు. పాఠశాల ఫుట్‌బాల్ జట్టునకు సెంటర్ హాఫ్. బంతి వాని కాలికి వచ్చినగాని ఆట సాగదని తక్కిన పదిమందియు నమ్మియుండిరి.

జిల్లా తుదిపోటీకి తొమ్మిది దినములున్నదనగా అభ్యాసమున వాని ఎడమ చీలమండ మెలిపడెను. ఎముకల వైద్యుడు ఎక్స్‌రే తీయించి చూచెను. విఱుగుడు కనబడలేదు. కాని వెలుపలి ఎముక చివరను వ్రేలితో నొక్కినపుడు బాలుడు అదరిపడెను. ఈ వయస్సున ఎముకల చివరల ఎదుగుదల జరుగు మృదులాస్థి పలక యొకటి యుండుననియు, దానికి తగిలిన దెబ్బ ఎక్స్‌రేలో కనబడకపోవచ్చుననియు, మూడు వారములు ఆట మానవలెననియు వైద్యుడు చెప్పెను. ఆడినచో ఏమగునని అడిగితిమి. ఏమియు కాకపోవచ్చును, ఎదుగుదల చెడి కాలు వంకరపోవచ్చును, ఏది యగునో ముందుగా చెప్పుట తన తరము కాదని నిజాయితీతో ఉత్తరమిచ్చెను.

ఎనిమిదవ దినమునకు వాపు తీసెను. బాలుడు సందులో పఱుగెత్తి చూపెను. అటుపిమ్మట నలువైపుల నుండి మాటలు బయలుదేరినవి. నాయనమ్మ పుత్తూరు కట్టు కట్టించిన చాలుననెను. వ్యాయామోపాధ్యాయుడు నొప్పి తెలియకుండ మందు చల్లి, బిగువుగా పట్టీ చుట్టి ఆడింతమనెను. తండ్రి మా యింటికి వచ్చి గుమ్మమువద్దనే నిలిచి, "సారూ, గెలిస్తే రాష్ట్రం ఆటకు పోతడంట. ఆ సర్టిఫికెట్ ఉంటే రేపు కాలేజీల సీటుకు పనికొస్తదంట. ఒక్క మ్యాచే కద సారూ. నేనైతే రందా పట్టుకుని బతికిన, వీడన్న చదువుకోవాలె" అనెను. ఆ మాటను త్రోసివేయుట సులభము కాదు. ఆటలలో యోగ్యతాపత్రము గలవారికి కళాశాలలలో ప్రత్యేకముగా కొన్ని స్థానములుండుట నిజమే. పేదకుటుంబమునకు అట్టి కాగితము ఒక సోపానము. విశ్రాంతి తీసికొమ్మని చెప్పుట చదువుకొన్నవారికి తేలిక. విశ్రాంతి వెల చెల్లించువాడు వేఱొకడు.

వ్యాయామోపాధ్యాయుడు చూపిన దృష్టాంతము మఱింత బలమైనది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో మన జట్టును నడపిన సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదువాడు. మావలెనే బడిపంతులుగా పనిచేసినవాడు. థాయిలాండుతో జరిగిన ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. రహీం అతనిని కూర్చుండబెట్టలేదు. వెనుక వరుసనుండి ముందువరుసకు మార్చి ఆడించెను. జర్నైల్ దక్షిణ వియత్నాముపై ఒక గోలు, సెప్టెంబరు 4న తుదిపోటీలో దక్షిణ కొరియాపై ఒక గోలు చేసెను. 2-1తో బంగారు పతకము మనదయ్యెను. అప్పటికే పుప్పుసపు కాన్సరుతో బాధపడుచుండిన రహీం 1963లో మరణించెను. 2024లో వచ్చిన "మైదాన్" చిత్రమును చూచిన పిల్లలందఱికి ఈ కథ కంఠస్థము. "జర్నైల్ ఆడలేదా?" అని వారు మమ్ము అడిగిరి.

ఆడెను. అయితే ఆ నాడు అతని వయస్సు 26 ఏండ్లు. అతని ఎముకలు ఎదుగుట ముగిసి చాలకాలమైనది. తన దేహము తనదని, దాని లాభనష్టములు తనవని తెలిసి నిర్ణయించుకొనగల పురుషుడు. ఇదే హైదరాబాదునందు పెరిగిన పి. వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో ఎడమపాదము నొప్పితోనే ఆడి బంగారు పతకము గెలిచెను. పిమ్మట ఆ పాదమున ఎముక పగిలినట్లు తేలి, ఆ నెలలోని ప్రపంచపోటీని వదలుకొని, 2023 జనవరి వఱకు పోటీలకు దూరమయ్యెను. ఆమెకు అప్పుడు 27 ఏండ్లు. ఆమె కొన్నదేమో, చెల్లించినదేమో ఆమెకు తెలియును. తొమ్మిదవ తరగతి బాలునికి ఏమి తెలియును? ఎదుగుచున్న దేహమున ఆ మృదులాస్థి పలక స్నాయువు కంటె బలహీనము. పెద్దవానికి బెణుకుగా పోవు మెలి బాలునికి ఎముక చివరను చీల్చవచ్చును. మగపిల్లలలో ఆ పలక మూతపడుట సుమారు 16, 17 ఏండ్లకు. ఆడపిల్లలలో అంతకు రెండేండ్లు ముందుగా. వాపు తగ్గుట గాయము మానుట కాదు. నొప్పిని కప్పు మందు గాయమును మాన్పదు. ఆగుమని దేహము చేయు హెచ్చరికను మాత్రము వినబడకుండ చేయును.

అయినను, మమ్ము ఎక్కువగా కలవరపెట్టినది వేఱొక వాదము. "వానినే అడుగుదము. వాడు ఆడెదనన్న ఆడనిత్తము" అని అందఱు ఏకగ్రీవముగా అనిరి. వినుటకు ఇది మిక్కిలి న్యాయముగా నున్నది. బాలుని పిలిచి అడిగిరి. "నాకేం కాలేదు సార్, ఆడతా" అని వాడు మోము వెలుగగా చెప్పెను. మఱేమి చెప్పగలడు? ఎదుట వ్యాయామోపాధ్యాయుడు, ప్రక్కను తండ్రి, కిటికీవద్ద జట్టంతయు. అందఱి కన్నులు అవునను మాటకై ఎదురుచూచుచున్నవి. అట్టిచోట బాలుడు చెప్పునది తన కాలి స్థితి కాదు. తన చుట్టునున్నవారి కోరిక.

పెద్దజీతములు పుచ్చుకొను ఆటగాండ్ల విషయమునను ఇది ఇట్లే యుండును. అమెరికావారి ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అను స్థానము కలదు. అతడు జట్టునకు సారథి. ప్రతి ఎత్తుగడయు అతని చేతినుండియే బయలుదేరును. 2012లో వాషింగ్‌టన్ జట్టులో చేరిన రాబర్ట్ గ్రిఫిన్ 22 ఏండ్ల యువకుడు. ఆ సంవత్సరపు క్రొత్త ఆటగాండ్లలో శ్రేష్ఠుడని బిరుదు పొందెను. డిసెంబరున అతని కుడిమోకాలు బెణికెను. ఒక్క ఆట విశ్రాంతి యిచ్చి మరల దింపిరి. 2013 జనవరి 6న సియాటిల్ జట్టుతో జరిగిన పోటీ మొదటి భాగముననే అతడు కుంటుట చూచువారందఱికి తెలిసినది. శిక్షకుడు అడిగెను, ఆడగలనని యువకుడు చెప్పెను. దానిని నమ్మి కొనసాగించితినని శిక్షకుడు పిదప చెప్పెను. చివరి భాగమున ఆ మోకాలు మడతపడి స్నాయువులు తెగెను. శస్త్రచికిత్స చేసిరి. అతడు మరల ఆడెను గాని ఆ మొదటి సంవత్సరపు ఆట అతనికి తిరిగి రాలేదు. శిక్షకుడు అడుగకపోలేదు, ఆటగాడు అబద్ధమాడవలెనని ఆడలేదు. గెలుపు కావలసినవాడు అడిగెను, గెలుపు కావలసినవాడే బదులు చెప్పెను. దోషమంతయు ఇందే యున్నది.

మన భారతకథలో ఇది లేదా? పద్మవ్యూహము ఎదురైన దినమున ధర్మరాజు అభిమన్యుని పిలిచి అడిగెను. లోనికి పోవుట తెలియును గాని వెలుపలికి వచ్చుట తెలియదని ఆ బాలుడు దాపఱికము లేకుండ చెప్పెను. మేము నీ వెనుకనే వత్తుమని పెద్దలు ధైర్యము చెప్పిరి. ఈ భారము నీకు మించినదని వారించినవాడు సారథి సుమిత్రుడొక్కడే. వాని మాట ఎవరికిని పట్టలేదు. ఆ పెద్దలలో దుష్టుడొక్కడును లేడు. బాలుని ప్రేమింపనివాడును లేడు. అవసరము వారి చెవులను మూసినది. మా పాఠశాలలోని పెద్దలును అట్టివారే.

ప్రధానోపాధ్యాయులు తరగతి ఉపాధ్యాయులమగు మా యభిప్రాయమును గోరిరి. వైద్యుని మాటను మీఱరాదని చెప్పితిమి. బాలుడు ఆడలేదు. జట్టు ఒక్క గోలు తేడాతో ఓడెను. యోగ్యతాపత్రము రాలేదు. తండ్రి నెలదినములు మా నమస్కారమునకు బదులియ్యలేదు. అందులకు ఆయనను తప్పుపట్టము. బాలుడు మూడు వారములు గడచిన పిమ్మట మరల మైదానమునకు పోయి నేటికిని ఆడుచున్నాడు. కాని ఆ నాడు ఆడియుండినను ఇట్లే యుండెడివాడేమో ఎవరు చెప్పగలరు? విశ్రాంతికున్న దురదృష్టమిదియే. గెలిచిన కప్పును బడిలో అద్దాలబీరువాలో పెట్టి చూపుదురు. చెడకుండ నిలిచిన కాలిని ఎవరును చూపరు. అందువలన ఈ విషయమున ఫలితమును చూచి తీర్పు చెప్పరాదు. తీర్పు చెప్పు విధానమునే సరిచూచుకొనవలెను.

ఈ పేటకు సమీపముననే దీనికి మంచి యుదాహరణ కలదు. 2019 ఏప్రిలులో కథానాయకుడు రాంచరణ్ వ్యాయామశాలలో చీలమండకు స్వల్పగాయమైనపుడు "ఆర్ ఆర్ ఆర్" చిత్రము వారు పూనాలో తలపెట్టిన చిత్రీకరణను మానుకొని, మూడు వారముల పిదప మరల ఆరంభింతుమని ప్రకటించిరి. అది చేయదగిన పనియే. నాయకుని చీలమండకు మూడు వారములు దొరకినవి. ఆ పేటలో రంపము పట్టు వడ్రంగి కుమారుని చీలమండకు అవే మూడు వారములు అధికమని మనకు తోచనేల? నాయకుని కాలు విలువైనదని లెక్కవేయువారు కలరు. బాలుని కాలికి ఆ లెక్క వేయవలసినవారము మనము.

ఆ లెక్కను శాసనముగా చేసినవారు కలరు. అమెరికా పడమటికొననున్న వాషింగ్‌టన్ రాష్ట్రమున 2006లో జాకరీ లిస్టెడ్ అను 13 ఏండ్ల బాలుడు తలకు దెబ్బ తగిలిన పిదప అదే ఆటలో మరల దిగెను. మెదడున రక్తస్రావమై, మాటలాడుట, నడచుట మొదటినుండి నేర్చుకొనవలసివచ్చెను. 2009లో ఆ రాష్ట్రము ఒక చట్టము చేసినది: తలకు దెబ్బ తగిలెనని అనుమానము కలిగిన మాత్రమున బాలుని ఆటనుండి తొలగింపవలెను, అర్హతగల వైద్యుడు వ్రాసియిచ్చువఱకు మరల దింపరాదు. 2014 నాటికి ఆ దేశపు 50 రాష్ట్రములును ఇట్టి చట్టములు చేసికొనినవి. దాని మర్మము వైద్యములో లేదు. బాలుడు, తండ్రి, శిక్షకుడు అను మువ్వురి భుజములనుండి నిర్ణయభారమును దింపుటలో నున్నది. చట్టము ఒప్పదని చెప్పుటకు వీలున్నపుడు బాలుడు పిఱికివాడు కానక్కఱలేదు, తండ్రి కఠినుడు కానక్కఱలేదు.

అట్టి చట్టము వచ్చువఱకు మన బడులు తమంతట తాము చేయగలిగినది కొంత కలదు. గాయపడిన నాడే ఏ బాలునిగాని బాలికనుగాని మరల ఆడింపకుండుట మొదటిది. జట్టుతో సంబంధము లేని వైద్యుని వ్రాతపై గాని తిరిగి దింపకుండుట రెండవది. వైద్యుడు, తల్లిదండ్రులు, బిడ్డ: ఈ ముగ్గురిలో ఒక్కరు వలదన్నను ఆటను మాన్పుట మూడవది. ప్రతి స్థానమునకు మఱియొక బిడ్డను తయారుచేయుట నాలుగవది. ఒక్క కాలిపై నిలిచిన జట్టు ఆ కాలిని ఎన్నడును విశ్రమింపనీయదు. యోగ్యతాపత్రము ఒక్క దినపు గెలుపుపై గాక, సంవత్సరమంతయు ఆడిన ఆటపై ఇచ్చు ఏర్పాటును ప్రభుత్వమువారు యోచించినచో, ఆ తండ్రివంటివారు మా గుమ్మమువద్ద నిలిచి ప్రాధేయపడవలసిన పనియుండదు.

గృహములలోను మాఱవలసినది కలదు. జ్వరముతో పరీక్ష వ్రాసివచ్చిన పిల్లను మెచ్చుకొందుము. దెబ్బ తగిలి ఏడ్వని పిల్లవానిని మొనగాడందుము. ఇట్టి మెప్పులు విని పెరిగిన బిడ్డ "ఎట్లున్నది?" అని అడిగినపుడు "ఏం కాలేదు" అని గాక మఱేమనును? నొప్పిని నిజముగా చెప్పిన బిడ్డను ఆ మాటకే మెచ్చుకొనుట మన యిండ్లలో ఆరంభము కావలెను. బడులలోని నియమమును పోటీ తేదీలు ప్రకటింపకముందే, ఏ బిడ్డకును దెబ్బ తగులకముందే వ్రాసి గోడకు అంటింపవలెను. దెబ్బ తగిలిన పిదప కూడిన సభలో బాలుని పక్షమున మాటలాడువాడు దొరకుట అరుదు.