మెట్ల పట్టణములో తొలిదినము

ప్రియ చదువరీ, క్రొత్త ఊరిని గూర్చి వ్రాయువారు మొదట దాని వీధులను, మేడలను వర్ణింతురు. నేనును ఆ పని చేయుదును. అయితే ఆ ఊరిని నేను కోపముతో చూడబోయితినని ముందే ఒప్పుకొనుట న్యాయము.

మా చిన్నవాడు 2018లో వైద్యవిద్య నిమిత్తము చైనాలోని చోంగ్‌చింగ్ పట్టణమునకు పోయెను. రెండవ ప్రపంచయుద్ధపు వార్తలలో మన పెద్దలు చుంకింగ్ అని వినిన ఊరు ఇదియే. 2020 మార్చి నెలాఖరున ఆ దేశము పరదేశులకు తలుపులు మూసెను. లోపలనున్న విద్యార్థి ఇంటికి పోవచ్చును గాని మరల రాలేడు. 2021 జూలైలో వాని తల్లి ప్రభువునందు నిద్రించెను. వాడు రాలేదు. భూస్థాపన ఆరాధనను ఫోనులో చూచెను. 2022 ఆగస్టులో విద్యార్థులకు మరల దారి తెరువబడిన పిమ్మట ఒకసారి వచ్చి పది దినములుండి పోయెను. ఆ పది దినములు మేమిరువురము ఆమె పేరెత్తలేదు.

చదువు ముగియవచ్చినది, ఒకసారి వచ్చి చూడుడని వాడు పలుమారులు బ్రతిమాలగా 2024 ఏప్రిలులో బయలుదేరితిని. అప్పటికి మన దేశమునుండి చైనాకు నేరు విమానములు లేవు గనుక కౌలాలంపూరు మీదుగా పోవలసివచ్చెను. దారి పొడుగునను, తల్లికంటె వీనికి ఎక్కువైన ఆ ఊరెట్టిదో చూతమని అనుకొనుచునే యుంటిని.

ఊరు నన్ను మొదటి గంటలోనే తికమకపెట్టెను. చైనా అనగా సైకిళ్లని నా తలంపు. ఇచ్చట ఒక్కటియు నాకు కనబడలేదు. కొండలమీద కట్టిన పట్టణమాయెను, సైకిలు త్రొక్కువాడెవడు? వీధినుండి ఒక మేడలోనికి ప్రవేశించి, లిఫ్టులో పైకి పోయి, తలుపు తెరువగా ఎదుట మరియొక వీధి! అందులో బస్సులు, చెట్లు, పండ్ల అంగళ్లు. ఏది నేలయో, ఏది మిద్దెయో చెప్పజాలను. లీజిబా అనుచోట 19 అంతస్తుల మేడ కడుపులోగుండా రైలు దూరిపోవుచున్నది. పై అంతస్తులలో జనులు కాపురముందురు. 2005లో ఆ మార్గము తెరచిరట. బండి మేడలో దూరునపుడు నోరు తెరచినట్లు పటము తీయించుకొనుటకు క్రింద యాత్రికులు బారులు తీరియుండిరి. మా వాడు నన్నును నిలువబెట్టబోయెను గాని నేను నిలువలేదు.

ఈ పట్టణపు జనసంఖ్య మూడు కోట్ల ఇరువది లక్షలని చదివి మీరు ఆశ్చర్యపడియుందురు. అది 2020 లెక్క, నిజమే. అయితే 1997లో కేంద్రప్రభుత్వము క్రిందికి తెచ్చినపుడు చుట్టుపట్ల జిల్లాలను, పల్లెలను, పొలములను అన్నిటిని ఇందులో కలిపిరి. అదంతయు ఒక్క ఊరు కాదు.

మా బస పాతపట్టణములో మెట్లపైన నుండెను. ఎన్ని మెట్లో లెక్కింప మొదలిడి నూరు దాటకముందే విడిచితిని. మెట్ల మొదట అరువది దాటిన ఒక మనుష్యుడు భుజముమీద వెదురుబద్దతో నిలిచియుండెను. మన కావడి వంటిదే. ఒకప్పుడు ఈ ఊరి బరువులన్నియు ఇట్టివారే మోసెడివారట. ఇప్పుడు చాల తగ్గిపోయిరి. మా వాడు బేరమాడి నా పెట్టెలు రెండును ఇచ్చెను. ఆ ముసలివాడు వాటిని త్రాళ్లతో బద్దకు కట్టి, మేము పది మెట్లు ఎక్కులోపల మలుపు తిరిగి మాయమాయెను.

చదువరీ, ఆ చిన్న పెట్టెలో ఏమున్నదో చెప్పెదను. వాని తల్లి బైబిలున్నది. అది చిన్నవానికిమ్మని ఆమె చివరి వారములో నాతో చెప్పెను. వాడు ఇంటికి వచ్చినపుడు నేనియ్యలేదు. బీరువాలో పెట్టి తాళము వేసితిని.

"వాడు పారిపోయినాడురా!" అని నేను మెట్లమీదనే అరచితిని. మా వాడు బదులు పలుకలేదు. రొప్పుచు పైకి చేరి చూడగా ఆ ముసలివాడు గోడ ప్రక్క కూర్చుండి, దారిలో తడిసిన నా చిన్న పెట్టెను తన మెడలోని తుండుగుడ్డతో తుడుచుచుండెను. మా వాడు ఫోనుతో పైకము చెల్లించెను. నేను రెండు చేతులు జోడించితిని. ఎందుకో ఆయనకు తెలియదు, నవ్వి పోయెను.

మధ్యాహ్నము జియావోచాంగ్‌కౌ అనుచోటికి పోతిమి. 1941 జూన్ 5 రాత్రి జపాను విమానములు బాంబులు వేయుచుండగా జనులు సొరంగములో క్రిక్కిరిసి, ఊపిరాడక చనిపోయినది అక్కడనే. ఎందరన్నదానిపై లెక్కలు కుదరవు. అట్టి దాగుడు సొరంగములు కొన్ని ఇప్పుడు భోజనశాలలు. ఒకదానిలో కూర్చుంటిమి. ఎద్దుక్రొవ్వులో ఎండుమిరపకాయలు మరుగు కుండ నడుమ పెట్టిరి. గుంటూరు కారము తిని పెరిగినవాడనని ధైర్యముగా నోటబెట్టితిని. కారము సరే, అందులో ఏదో మిరియము వంటి గింజ యున్నది, నాలుక మొద్దుబారి సగము గంటవరకు మాట సరిగా రాలేదు. మా వాడు నవ్వెను. నేనును నవ్వితిని. మూడేండ్లలో అది మొదటిసారి.

సాయంకాలము చావోతియన్మెన్ రేవునకు దిగితిమి. అచ్చట జియాలింగ్ నది యాంగ్‌ట్సీలో కలియును. ఒకటి పచ్చనిది, ఒకటి మట్టిరంగుది. కొంత దూరము గీత గీసినట్లు ప్రక్కప్రక్కనే పారుచున్నవి.

"నాన్నగారూ, మీరు బడిలో చెప్పే కోట్నీస్ గారు ఈ ఊళ్లోనే కొన్నాళ్లున్నారు, తెలుసా?" అని మా వాడు అడిగెను.

డాక్టరు ద్వారకానాథ్ కోట్నీస్ కథ నేను ఏటేట పిల్లలకు చెప్పెడివాడను. షోలాపూరువాడు. 1938లో కాంగ్రెసు చైనాకు పంపిన అయిదుగురు వైద్యులలో ఒకడు. గాయపడిన సైనికులకు చికిత్స చేయుచు 1942 డిసెంబరు 9న, ముప్పదిరెండేండ్ల ప్రాయమున, ఆ దేశముననే మరణించెను. ఎంత త్యాగమని చెప్పుచు నేనే కన్నీరు పెట్టుకొనెడివాడను.

"యేనానుకు వెళ్లకముందు ఆయనకు తండ్రిగారు పోయిన కబురు ఇక్కడే అందింది. ఆయన ఇంటికి వెళ్లలేదు."

ఆ సంగతి నాకు తెలియదు. అన్ని యేండ్లు ఆ కథ చెప్పితిని గాని, షోలాపూరులో ఆ యింట ఎదురుచూచినవారెవరని ఒకనాడైనను తలపలేదు.

"అయితే నీవును ఆయనవంటి వాడనందువా?" అని కొంచెము కటువుగానే అంటిని.

"లేదు నాన్నగారూ. ఆయన రోగుల కోసం ఉండిపోయారు. నేను భయపడి ఉండిపోయాను. వెళితే తిరిగి రానివ్వరని, చదువు పోతుందని. మీరు చేసిన అప్పు ఒకటుంది. ఆ రాత్రి తెల్లవారేదాకా ఈ మెట్టుమీదే కూర్చున్నాను."

నేను ఆ మెట్టును చూచితిని. ఏ గురుతును లేదు. ఒక స్త్రీ బుట్ట దింపుకొని దానిమీద సేదదీర్చుకొనుచుండెను.

చేతిసంచిలోనుండి బైబిలు తీసి వానికిచ్చితిని. వాడు అట్ట చూడగానే గుర్తుపట్టెను. "అప్పుడే ఎందుకివ్వలేదు?" అని అడిగెను. "కోపముచేత" అంటిని. వాడు మరేమియు అడుగలేదు. చీకటిపడినది, రెండు ఒడ్డుల మేడలలో దీపములు వెలిగినవి. మరల ఆ మెట్లన్నియు ఎక్కవలెను గదా, నా మోకాళ్లు మొరాయించెను. వాడు ఒక చేత బైబిలు పట్టుకొని రెండవ చేయి నాకందించెను. నాలుగుచోట్ల ఆగి ఆగి ఎక్కితిమి.