పటాన్‌చెరు బడిలో ఒక వసియ్యత్‌నామా

హైదరాబాదు నుండి ముంబయి వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి మీద రామచంద్రాపురం దాటితే నగరం అయిపోయిందని ఒకప్పుడు అనుకునేవారు. ఇప్పుడు నగరం అయిపోదు, దాని రంగు మాత్రమే మారుతుంది. ఎడతెగని దుకాణాల వరుస నడుమ హఠాత్తుగా ఇక్రిశాట్ ప్రాంగణం పచ్చగా ప్రత్యక్షమవుతుంది. 1972లో నెలకొన్న ఈ అంతర్జాతీయ పరిశోధనా సంస్థ దాదాపు 1,400 హెక్టార్ల విస్తీర్ణంలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి మెట్ట పంటల మీద పరిశోధనలు జరుపుతోంది. ఆ పచ్చదనం దాటగానే లారీల హారన్లు, ఇనుప సామానుల కొట్లు, బిర్యానీ దేగ్చాల ఆవిరి. అదే పటాన్‌చెరు.

ఊరి పేరు చాలా పాతది. కళ్యాణి చాళుక్యుల శాసనాలలో 'పొట్టలకెరె' అని కనిపించే పట్టణం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. కన్నడంలో కెరె అంటే చెరువే. జైనులకు ఇది ఒకనాడు ముఖ్యమైన కేంద్రం. రాజులు మారారు, రాజభాషలు మారాయి, చెరువు మాత్రం పేరులో నిలిచిపోయింది. ఊరిలో ఇప్పటికీ సాకి చెరువు ఉంది. దాని ఒడ్డున నిలబడి వెయ్యేళ్ళ వెనుకటి పట్టణాన్ని ఊహించుకోవాలంటే కాస్త గట్టి మనసు కావాలి, ముక్కు కూడా గట్టిదై ఉండాలి.

1970ల నుండి ఇక్కడ పారిశ్రామికవాడలు వెలిశాయి. 1980లో ఇందిరా గాంధీ మెదక్ లోక్‌సభ స్థానం నుండి గెలిచిన నాటికే ఈ ప్రాంతం కర్మాగారాల దారి పట్టింది. పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, పాశమైలారం పేర్లు మందుల తయారీతో ముడిపడిపోయాయి. ఎక్కడో పరాయి దేశంలో రోగి మింగే మాత్రకు ముడి మందు ఇక్కడ ఉడుకుతుంది. మాత్ర ఓడ ఎక్కుతుంది, దాని మురుగు మాత్రం ఇక్కడే ఉండిపోతుంది. నక్కవాగు నీటి గురించి రైతులు న్యాయస్థానాల దాకా వెళ్ళారు. స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఇక్కడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉన్నట్లు తేలింది. ఆ లెక్క చూసి ప్రపంచ శాస్త్రవేత్తలు నివ్వెరపోయారు. ఈ ఊరి పిల్లలు నివ్వెరపోరు. వాళ్ళు దాని మీద హాస్యమాడతారు.

ఆ హాస్యం వినే భాగ్యం నాకు 2025 ఫిబ్రవరి చివరి వారంలో కలిగింది. మా ఖాలా కూతురు, నేను ఆపా అని పిలిచే ఆమె, అక్కడి ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తారు. "పదవ తరగతి పిల్లల వీడ్కోలు సభ ఉంది, వచ్చి చూడు. నవ్వలేక నవ్వలేక చస్తావు" అని ఫోన్ చేశారు. బడి పేరు చెప్పను. పిల్లలు తమలో తాము నవ్వుకోవడానికి అన్న మాటలు అవి, ఊరంతా పట్టుకొని పరిశీలించడానికి కాదు.

షాబాన్ నెల ముగియవస్తోంది. మార్చి 2న రమజాన్ మొదటి ఉపవాసం, మార్చి 21 నుండి ఏప్రిల్ 4 వరకు పబ్లిక్ పరీక్షలు, నడుమ పండుగ. అందుకే సభను ముందుకు జరిపారు. "ఉపవాసంలో ఉన్నవాళ్ళ ముందు సమోసాలు పంచితే మాకు పాపం, పంచకపోతే మిగతావాళ్ళకు కోపం" అని తొమ్మిదవ తరగతి కార్యదర్శి నాతో గంభీరంగా చెప్పాడు.

ఉదయం స్వపరిపాలన దినోత్సవం జరిగింది. మన తెలుగు బడులలో ఈ సంప్రదాయాన్ని ఎరుగని ఇల్లు ఉండదు. ఒక రోజుకు పిల్లలే కలెక్టరు, పిల్లలే జిల్లా విద్యాధికారి, పిల్లలే పంతుళ్ళు. ప్రధానోపాధ్యాయురాలి వేషం వేసిన అమ్మాయి తన అమ్మీ చీర కట్టి, పైన తెల్లని దుపట్టా చుట్టి, అసలు ప్రధానోపాధ్యాయుడిని పిలిపించి ఆలస్యంగా వచ్చినందుకు సంజాయిషీ అడిగింది. ఆయన చేతులు కట్టుకొని "బస్సు దొరకలేదు మేడమ్" అన్నారు. ఆ జవాబు ఆయనకు ఇంత చక్కగా ఎలా వచ్చిందో అందరికీ తెలుసు. పదేళ్ళుగా రోజూ వింటున్న జవాబు కదా!

బడిని నవ్వుతూ విడిచిపోవడం మన ఒక్కరి అలవాటేమీ కాదు. ఫిన్లాండు దేశంలో ఉన్నత పాఠశాల చివరి సంవత్సరం విద్యార్థులు ఫిబ్రవరిలోనే, చివరి పరీక్షలకు ముందు, లారీలెక్కి ఊరంతా తిరుగుతారు. లారీల పక్కలకు వెటకారపు రాతల గుడ్డలు కట్టి, దారిన నిలబడిన చిన్నపిల్లలకు మిఠాయిలు విసురుతారు. దాన్ని పెంక్కారిత్ అంటారు. ఈ సంగతి ఆపా తన తరగతిలో చెప్పగా, వెనుక బెంచీ నుండి ఒకడు లేచి, "మేడమ్, లారీలకైతే మనకు లోటు లేదు. ఇస్నాపూర్ చౌరస్తాకు పోతే ఫిన్లాండుకు కూడా అప్పు ఇవ్వవచ్చు" అన్నాడట.

మధ్యాహ్నం సభలో అసలు విశేషం వసియ్యత్‌నామా. నల్లకోటు వేసుకున్న ఒక బక్కపలచని కుర్రవాడు వకీలై నిలబడి చదివాడు. "మేము, పదవ తరగతి ఏ సెక్షను విద్యార్థులము, లెక్కల పీరియడు మినహా తక్కిన అన్ని వేళలా పూర్తి స్పృహలో ఉన్నవారము, ఎవరి బలవంతమూ లేక ఈ వీలునామా వ్రాసి ఇస్తున్నాము. ఆస్తి పంపకానికి ముందు అప్పులు తీర్చడం విధి. కావున తొమ్మిదవ తరగతి నుండి తీసుకొని తిరిగి ఇవ్వని పద్నాలుగు పెన్నులను, ఒక కంపాస్ పెట్టెను మొదట లెక్కలో వేస్తున్నాము. పెన్నులలో సిరా లేదు. అయినా అప్పు అప్పే."

తరువాత వచ్చింది మూడో వంతు సమస్య. షరీఅత్ ప్రకారం ఆస్తిలో మూడో వంతుకు మించి వసియ్యత్ చేయరాదని మన ఇళ్ళలో పెద్దలు చెప్పగా వింటూనే ఉంటాం. వకీలు దాన్ని ఇలా అన్వయించాడు: "మా గదిలో ఫ్యాన్లు మూడు. తిరిగేది ఒకటి. ఆ ఒక్కదానినే తొమ్మిదవ తరగతికి ఇస్తున్నాము. కావున హద్దు మీరలేదు." ఒడిశా నుండి వచ్చిన ఒక కార్మికుని కొడుకు, తెలుగు ఇంకా నోటికి పట్టనివాడు, "మరి రెండు ఎవరికి?" అని అడిగాడు. "వారసులకు. అనగా ప్రభుత్వానికి" అన్నాడు వకీలు. ఉపాధ్యాయుల వరుసలోనే నవ్వు ఎక్కువ వినిపించింది.

కిటికీ పక్క సీటు దగ్గర నిజమైన వివాదమే లేచింది. దాన్ని ఒక అన్న తన చెల్లెలికి వ్రాశాడు. వారసులకు వసియ్యత్ చెల్లదు కదా అని ఆడపిల్లల వరుస నుండి అభ్యంతరం. ఉర్దూ మాస్టారు లేచి, తండ్రి బ్రతికి ఉండగా అన్న ఆస్తికి చెల్లెలు వారసురాలు కాదనీ, కనుక వసియ్యత్ చెల్లుతుందనీ తీర్పు చెప్పారు. ఆ ఒక్క నిమిషంలో పిల్లలు నేర్చుకున్న వారసత్వ శాస్త్రం నేను పెద్దయ్యాక గాని నేర్చుకోలేదు.

జాబితా చాలా పొడవు. గంట కొట్టే తాతకు, మధ్యాహ్న విరామం ముగిసే గంటను అప్పుడప్పుడు మరచిపోయినందుకు, అందరి దుఆలు. సైన్సు ల్యాబులో పరికరాలు తక్కువ కనుక, గాలి తిరిగినప్పుడల్లా కిటికీలోంచి వచ్చే కంపెనీ వాసన ప్రయోగ పరీక్ష నిమిత్తం తొమ్మిదవ తరగతికి శాశ్వతంగా సంక్రమిస్తుంది. "పేరు కనిపెట్టినవారికి అయిదు మార్కులు" అని వకీలు చేర్చాడు.

పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఇటువంటి సభలలో నాకు ఎప్పుడూ భయం కలిగించేది బిరుదుల ప్రదానం. ఒకరి నల్లదనం మీద, ఒకరి నత్తి మీద, ఒకరి పేదరికం మీద పేర్లు పెట్టి, చప్పట్లు కొట్టి, తీసుకున్నవాడు నవ్వకపోతే "సరదాకే కదా" అంటాం. సూరా అల్ హుజురాత్ 11వ ఆయతు పరిహాసాన్నీ, కించపరిచే పేర్లనూ వారించిందని తెలిసిన ఇళ్ళ పిల్లలు కూడా ఆ రోజు మరచిపోతారు. దైవప్రవక్త (సఅసం) హాస్యమాడలేదా? స్వారీకి ఒంటె కావాలన్న మనిషితో ఒంటె పిల్లను ఇస్తానన్నారు. అతను తెల్లబోతే, ప్రతి ఒంటె ఏదో ఒక ఒంటెకు పిల్లే కదా అన్నారు. ఆ హాస్యంలో అబద్ధం లేదు. విన్నవాడు ఇంటికి వెళ్ళి భార్యాబిడ్డలకు చెప్పుకొని మళ్ళీ నవ్వుకోగలడు.

ఆ బడిలో బిరుదులు వ్రాసిన బాధ్యత ఉదయం ప్రధానోపాధ్యాయురాలైన అమ్మాయిదే. ఆమె కాగితంలో ఒక చోట కొట్టివేత ఉంది. ఏమిటని అడిగితే చూపించింది. తరగతికి ఎప్పుడో గాని రాని ఒక కుర్రవానికి స్నేహితులు 'చందమామ' అని పెట్టారు. "కొన్ని రోజులు కనబడతాడు, కొన్ని రోజులు కనబడడు అని. వాళ్ళ అబ్బాకు కాలు విరిగింది అంకుల్. వాడు లారీల దగ్గర హమాలీ పనికి పోతున్నాడు. వీళ్ళకు తెలియదు" అన్నది నెమ్మదిగా.

కాని హమాలీ పనికి వెళ్ళే ఆ కుర్రవాడు తన వంతు తానే తీసుకున్నాడు. వసియ్యత్‌నామా ముగిసిందనుకున్నప్పుడు వేదిక ఎక్కి, "నా ఆస్తి కూడా వ్రాసుకోండి. నా గైర్హాజరు రోజులు అరవై ఒకటి. పూర్తిగా వాడినవే, తిరిగి వాడుకోవడానికి పనికిరావు. అయినా ఎవరికైనా కావాలంటే ఉచితం" అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కాగితం పట్టుకున్న అమ్మాయి మాత్రం తల ఎత్తలేదు. ఇదే మాట ఇంకొకరు అని ఉంటే ఆ సభ నాకు జ్ఞాపకం ఉండేది మరొక విధంగా.

సభ అయ్యాక ఆపా లెక్క చెప్పారు. ఆ తరగతిలో కొందరి కుటుంబాలు వేసవి రాగానే ఒడిశాకో బీహారుకో వెళ్ళిపోతాయి. మళ్ళీ వస్తే వేరే కంపెనీ, వేరే బస్తీ. కొందరు మగపిల్లల కోసం మేస్త్రీలు అప్పుడే ఎదురు చూస్తున్నారు. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 నుండి 18 ఏళ్ళ లోపువారిని ప్రమాదకరమైన పనులలో పెట్టుకోరాదు. పదవ తరగతి పిల్లవానికి పదిహేనో పదహారో. ఆధార్ కార్డులోని సంవత్సరాన్ని పెద్దగా పట్టించుకోని గేట్లు కొన్ని ఉంటాయి. ఆడపిల్లల విషయంలో ప్రశ్న వేరు. కళాశాల దూరం, బస్సు ఖర్చు, చీకటి. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ బస్సులలో మహిళలకు ప్రయాణం ఉచితం కావడంతో ఖర్చు అన్న మాట తండ్రుల నోటి నుండి పోయింది. మిగతా రెండూ ఇంకా ఉన్నాయి.

పరీక్షా ఫలితాలు ఏప్రిల్ 30న వెలువడ్డాయి. రాష్ట్రంలో 92.78 శాతం ఉత్తీర్ణులయ్యారు. వకీలు, ప్రధానోపాధ్యాయురాలు, గైర్హాజరు ధనవంతుడు ముగ్గురూ అందులో ఉన్నారని ఆపా సంతోషంగా చెప్పారు. జూన్ 30 ఉదయం పాశమైలారంలో ఒక మందుల పరిశ్రమకు చెందిన కర్మాగారం పేలిపోయింది. 40 మందికి పైగా కార్మికులు మరణించారు. వారిలో చాలామంది పరాయి రాష్ట్రాల నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చినవారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆ రోజు ఆపా తన పాత తరగతి హాజరు పట్టీ ముందు పెట్టుకొని సాయంత్రం వరకు ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేశారు. పిల్లలందరూ క్షేమమే.

సెప్టెంబరులో మళ్ళీ మాట్లాడినప్పుడు తక్కిన కబుర్లు తెలిశాయి. ప్రధానోపాధ్యాయురాలు ఉచిత బస్సులో జూనియర్ కళాశాలకు వెళుతోంది. కిటికీ సీటుకు అభ్యంతరం చెప్పిన అమ్మాయిని మాత్రం ఇంట్లో ఆపివేశారు. ఆపా రెండుసార్లు వెళ్ళి వచ్చారు, మూడోసారి వెళతారు. ఇక వారసులు, అంటే ఇప్పటి పదవ తరగతివారు, తమకు సంక్రమించిన ఆ ఒక్క ఫ్యాను ఆగిపోయిందనీ, పనికిరాని ఆస్తిని అంటగట్టినందుకు నష్టపరిహారం చెల్లించాలనీ పూర్వ విద్యార్థులకు లిఖితపూర్వకంగా నోటీసు పంపారట. దానికి జవాబుగా ఒక శనివారం మధ్యాహ్నం గైర్హాజరు ధనవంతుడు వచ్చాడు. అతడు ఇప్పుడు ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ మొదటి సంవత్సరం. బెంచీ మీద బెంచీ వేసి ఎక్కి, కండెన్సరు మార్చాడు. ఫ్యాను తిరిగింది. చేతికి అంటిన మసి తుడుచుకుంటూ, మిగతా రెండింటినీ కూడా ఒకసారి విప్పి చూస్తానని చెప్పి వెళ్ళాడట.