మా కయాకు

కయాకు అనునది ఉత్తరధ్రువప్రాంతపు వేటకాండ్రు సీలుచర్మముతోఁ గట్టుకొనిన యొంటిమనిషి పడవ. ఇపుడు ఫైబరుతోను, ప్లాస్టికుతోను జేయుచున్నారు. హంసలదీవికడఁ గృష్ణ సముద్రమునఁ గలియుచోట దానిని నడపవలెనని మేము చిరకాలముగాఁ గోరుచుంటిమి.

కొనఁబోయినచోట విక్రేత రంగును, వేగమును బొగడెను. ముందువెనుకల నీరు చొరని గదులున్నవా యని మేమడిగితిమి. అట్టి గదులున్న పడవ నడుమ నీరు నిండినను దేలును. ధర యెక్కువైనను దానినే కొంటిమి. వెంటనే సముద్రమునకుఁ బోక, గుడివాడ దగ్గఱి కాలువలోఁ గావలెననియే బోర్లించి, నీరు నింపి చూచితిమి, తేలియే యుండెను! గట్టుమీఁది పిల్లలు మాత్రము మేము మునిఁగితిమని కేకలిడిరి.

లైఫుజాకెట్టు, ఈల, నీరు తోడు పంపు, తెడ్డును పడవకుఁ గట్టు త్రాడు, అలనీరు లోనికి రాకుండ నడుముచుట్టుఁ గట్టుకొను గుడ్డ, త్రాగునీరు – వీని వ్యయమునకు మాయింటివారు నొచ్చుకొనిరి. ఒక్కటియు మానలేదు.

గిలకలదిండిలో వృద్ధుఁడగు జాలరి యొకరు ఈ సామగ్రినంతయుఁ బరికించి, "అన్నీ బాగానే ఉన్నాయి మేష్టారూ, గాలి సంగతి ఎవర్నడుగుతారు?" అనిరి. ఇపుడు వాతావరణశాఖవారి హెచ్చరికను, ఆయన మాటను, రెంటిని విన్నపిదపనే తెడ్డు పట్టుచున్నాము. 1977 నవంబరు 19వ తేదీ యుప్పెనలో దివిసీమ వేలకొలఁది జనులఁ గోలుపోయినది. కార్తికమాసమున మా పడవ గట్టుమీఁదనే బోర్లఁబడియుండును.