గాజువాక నుంచి గంటలో చుక్కలు చూపిస్తా!

డిసెంబర్‌లో ఒక రాత్రి మా మేడ మీద నిలబడి చుక్కలు లెక్కపెట్టాం. నేనూ, ఎనిమిదేళ్ల మా అమ్మాయీ. మొత్తం పదకొండు వచ్చాయి. పన్నెండోది దొరికిందని అది ఎగిరి గంతేసేలోపు ఆ చుక్క కదలడం మొదలుపెట్టింది. విమానం!

"నాన్నా, మా పుస్తకంలో పాలపుంత బొమ్మ ఉంది కదా... అది నిజమా, ఫొటోషాపా?"

ఏం చెప్పాలో తోచలేదు. మేముండేది కూర్మన్నపాలెం. ఒక పక్క ఉక్కు ఫ్యాక్టరీ, ఇంకో పక్క హైవే, ఆవల గాజువాక, దాని వెనక పోర్టు. రాత్రి పదైనా ఆకాశం నల్లబడదు, నారింజ రంగులో ఉంటుంది. వెనక కుర్చీలో కూర్చున్న మా నాన్న అందుకున్నారు.

"నిజమేనమ్మా. నేను చూశాను. ఇదే మేడ మీంచి. హుద్‌హుద్ వచ్చినప్పుడు."

వైజాగ్ వాళ్లెవరికీ ఆ తేదీ గుర్తు చేయక్కర్లేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. చెట్లు, స్తంభాలు, రేకులు అన్నీ నేల మీదే. రోజుల తరబడి కరెంటు లేదు. మబ్బులు విడిపోయాక ఆ వారంలో ఒక సాయంత్రం నాన్న మేడ మీద చాప పరిచారు. పౌర్ణమి వెళ్లి కొన్ని రోజులైంది కాబట్టి చంద్రుడు ఆలస్యంగా వస్తాడు. నైరుతి మూల నుంచి నడినెత్తి దాకా పాలపుంత, ఎవరో సున్నం చేత్తో రాసినట్టు. తాగడానికి నీళ్లు లేని వీధిలో జనమంతా తలలెత్తి ఆకాశం చూశారు. అప్పటికి మా అమ్మాయి పుట్టలేదు.

"మరి నాకెప్పుడు చూపిస్తావ్ తాతయ్యా?"

నాన్న నవ్వేసి ఊరుకున్నారు. అది కిందకి వెళ్లాక నాతో అన్నారు. "నాకిప్పుడు చుక్క చుక్కలా లేదురా. చెరిపేసిన సుద్దముక్క గీతలా ఉంది. ఒక కన్నే కదా ఆపరేషన్ అయింది. నాకు కనిపించినా లేకపోయినా, దానికైతే చూపించు."

అలా మొదలైంది మా వెతుకులాట. షరతులు మూడు. కారులో గంటకు మించకూడదు. మెట్లు, కొండలు ఎక్కకూడదు (నాన్న మోకాళ్లు). తెల్లారేసరికి ఇంటికి వచ్చేయాలి. అంటే లంబసింగి, అరకు రెండూ పోయాయి. కుర్రాళ్లయితే హాయిగా వెళ్లండి, చలికాలంలో ఆ ఏజెన్సీ ఆకాశానికి సాటి లేదు. మాకు మాత్రం దగ్గర్లోనే దొరకాలి.

డాబాగార్డెన్స్‌లో ఒక వేధశాల

వైజాగ్‌లో చుక్కలేంటి అని నవ్వకండి. 1840లో గోడె వెంకట జగ్గారావు అనే జమీందారు డాబాగార్డెన్స్‌లో తన ఇంటి దగ్గరే వేధశాల పెట్టారు. మద్రాసు వెళ్లి ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చిన మనిషి. డాల్ఫిన్స్ నోస్ మీద జెండా దించి ఊరికి సరైన టైమ్ చెప్పే ఏర్పాటు కూడా ఆయన చేసిందే. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని ఆయన ఇక్కణ్నుంచే పరిశీలించారు.

ఇప్పుడు అదే డాబాగార్డెన్స్‌లో రాత్రి తలెత్తితే ఫ్లెక్సీలు, హోర్డింగులు. చుక్కలు ఎక్కడికీ పోలేదు, వాటి ముందు మనం తెర కట్టాం. గాలిలో దుమ్ము, సముద్రపు తేమ ఎప్పుడూ ఉంటాయి. వీధి దీపం వెలుగు పైకి వెళ్లి వాటికి తగిలి చెదిరిపోతుంది. ఆ పల్చటి వెలుగులో సన్న చుక్కలన్నీ మునిగిపోతాయి. తెల్లటి ఎల్‌ఈడీల్లో నీలం పాళ్లు ఎక్కువ, అది ఇంకా ఎక్కువ చెదురుతుంది. హుద్‌హుద్ తర్వాతే మన ఊళ్లో వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీలయ్యాయి. అంటే ఏ తుఫాను మాకు చుక్కలు చూపించిందో, దాని తర్వాతే అవి ఇంకొంచెం దూరమయ్యాయి. అలాగని తప్పు పట్టలేను. ఫ్యాక్టరీ వెలుగు మా ఇంటి అన్నం. నాన్న ఎన్నో సీ షిఫ్టులు ఆ వెలుగులోనే చేసొచ్చారు.

రెండుసార్లు వెళ్లి వచ్చాక

మొదట యారాడ. డాల్ఫిన్స్ నోస్ కొండ ఊరికీ బీచ్‌కీ మధ్య గోడలా ఉంటుంది కదా, చీకటి బాగుంటుందని నా లెక్క. కొండ అడ్డు ఉన్న మాట నిజమే కానీ, దాని నెత్తి మీద ఊరి వెలుగు కిరీటంలా ఉంది. ఎదురుగా సముద్రంలో లంగరేసిన ఓడలు, ఇంకో వీధిలా. పైగా అర్ధరాత్రి ఆ ఘాట్ రోడ్డు మీద నాన్నని తీసుకెళ్లడం నా వల్ల కాదు.

తర్వాత అప్పికొండ. సముద్రం ఒడ్డున పాత సోమేశ్వరాలయం, ఇంటికి దగ్గర, కారు దాదాపు ఇసుక దాకా వెళ్తుంది. దిగి వెనక్కి చూస్తే ఫ్యాక్టరీ వైపు ఆకాశం ఎర్రగా కాగుతోంది. 'ఇదీ పోయింది' అనుకుని నీళ్ల వైపు తిరిగాను. అక్కడ చుక్కలున్నాయి! పదకొండు కాదు, వందకు తక్కువ లేవు.

అప్పుడు వెలిగింది బల్బు. నేను ఇన్నాళ్లూ 'ఎంత దూరం' అని మాత్రమే చూస్తున్నాను. 'ఎటు వైపు' అనేది చూడలేదు. వైజాగ్ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా ఉంటుంది. మనం ఊరికి నైరుతి దిక్కుగా, తీరం వెంట వెళ్లేకొద్దీ ఊరు, పోర్టు, ఫ్యాక్టరీ అన్నీ వీపు వెనక్కి వెళ్లిపోతాయి. ఎదురుగా తూర్పు, ఆగ్నేయం, దక్షిణం... ఉన్నదంతా బంగాళాఖాతం. సముద్రం మీద వీధి దీపాలు ఉండవు కదా. పాలపుంతలో బాగా వెలిగే భాగం, వృశ్చికం, ధనుస్సు ఉన్న చోటు, సరిగ్గా అటువైపే పైకొస్తుంది. భీమిలి వైపు వెళ్తే చీకటి దొరకొచ్చు గానీ, దక్షిణం వైపు చూస్తే మళ్లీ వైజాగ్ వెలుగే తగులుతుంది. ఈ ఒక్క విషయంలో మధురవాడ వాళ్ల కంటే గాజువాక వాళ్లం అదృష్టవంతులం!

తంతడి తెల్లవారుజాము

మ్యాప్ ముందు పెట్టుకుని తీరం వెంట ఇంకా కిందకి దిగితే అనకాపల్లి జిల్లాలో తంతడి కనిపించింది. అచ్యుతాపురం దాకా వెళ్లి సముద్రం వైపు తిరగాలి. ఒక ఆదివారం పగలు వెళ్లి దారి, కారు పెట్టే చోటు, నాన్న కుర్చీ వేసుకునే చోటు చూసొచ్చాను.

ఇక రోజు. శివరాత్రి ఎప్పుడూ బహుళ చతుర్దశి నాడే కాబట్టి చంద్రుడి బెడద ఉండదు. కానీ ఆ రాత్రి తీరం వెంట ఏ గుడి చూసినా లైట్లు, మైకులు, జాగారం జనం. అందుకని అది దాటనిచ్చి అమావాస్య తెల్లవారుజాము పెట్టుకున్నాం. అమ్మ ఒప్పుకోలేదు.

"అమావాస్య పూట పసిదాన్ని సముద్రం దగ్గరికి తీసుకెళ్తారా? బుద్ధుందా మీకు?"

చివరికి పిల్ల జేబులో ఒక నిమ్మకాయ పెట్టి పంపింది.

మూడుకి బయల్దేరి నాలుగుకల్లా చేరాం. హెడ్‌లైట్లు ఆపేశాం. మొదటి ఐదు నిమిషాలూ నల్లటి చీకటే. "నాన్నా, ఏమీ లేదు" అంది. "ఉండమ్మా, కన్నుకు టైమ్ కావాలి" అన్నారు తాతయ్య. వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన టార్చి వేసి మా దగ్గరికొచ్చాడు.

"ఏటి బాబూ, ఈ ఏలప్పుడు వొచ్చినారు?"

"చుక్కలు చూద్దామని తమ్ముడూ, మనవరాలికి" అన్నారు నాన్న.

ఆయనకి వింతగా ఏమీ అనిపించలేదు. "చూపించండి. మా అయ్య చుక్కల్ని చూసే పొద్దు చెప్పీవోడు. మాకిప్పుడు ఫోన్లున్నాయి. ఆ ఫేట్రీ లైట్లు కూడా మంచివే, ఒడ్డు ఎటో తెలుస్తాది" అని టార్చి ఆపేసి వెళ్లిపోయాడు.

ఇరవై నిమిషాలయ్యాయి. ఆగ్నేయాన జ్యేష్ఠ ఎర్రగా మెరుస్తోంది, కింద వృశ్చికం తోక కొక్కెంలా వంగి ఉంది. ఆ తోక పక్క నుంచి తెల్లగా, పొగలా ఒక చార లేచి తూర్పున నీళ్ల మీదకి వాలింది. మబ్బేమో అనుకున్నాను. మబ్బయితే కదలాలి. ఇది కదల్లేదు.

మా అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

దక్షిణాన నీటికి కాస్త పైన రెండు ప్రకాశమైన చుక్కలున్నాయి. వాటిలో ఒకటి ఆల్ఫా సెంటారీ, మన సూర్యుడికి పక్కింటి నక్షత్రం. దాని వెలుగు మన దాకా రావడానికి నాలుగేళ్లకు పైనే పడుతుంది. "అంటే నేను ఎల్‌కేజీలో ఉన్నప్పుడు బయల్దేరిందా?" అంది. అవును. ఇంకొంచెం పడమరకు త్రిశంకు, అప్పటికే వాలిపోతూ ఉంది. ఢిల్లీ వాళ్లు ఎంత చీకట్లో నిలబడ్డా దాన్ని పూర్తిగా చూడలేరు. మనకు కనిపిస్తుంది.

నాన్న కుర్చీ వెనక్కి తిప్పమన్నారు. వాయవ్యం వైపు ఊరి వెలుగు పలచగా ఉన్నా, సప్తర్షులు చాలా ఎత్తులో ఉన్నారు. నా పెళ్లిలో పంతులుగారు పట్టపగలు అరుంధతిని చూపిస్తే, కనిపించిందని బుద్ధిగా తలూపినవాణ్ని నేను. ఇన్నేళ్లకు ఇప్పుడు నిజంగా చూశాను.

"తోకలో మధ్య చుక్క ఉందే, అది వశిష్ఠుడు. పక్కన ఇంకో సన్న చుక్క ఉండాలి. ఉందా?" అడిగారు నాన్న.

"ఉంది తాతయ్యా! చాలా చిన్నది. నీకు కనిపిస్తోందా?"

"నువ్వు చూశావుగా. ఉందన్నమాట."

నేనేమీ అడగలేదు. ఐదు దాటాక తూర్పు తెల్లబడింది. ముందు పాలపుంత పోయింది, తర్వాత సన్న చుక్కలు, చివరికి జ్యేష్ఠ. తిరుగు దారిలో పిల్ల నిద్రపోయింది, గుప్పిట్లో నిమ్మకాయతో.

మీరూ వెళ్తారా?

• గోడ మీది క్యాలెండర్ చాలు. అమావాస్యకు మూడు రోజులు అటూ ఇటూ చూసుకోండి. నవంబర్ నుంచి మార్చి దాకా ఆకాశం బాగుంటుంది, పొగమంచు పడితే మాత్రం వాయిదా వేయండి. వానాకాలం ఆశ పెట్టుకోవద్దు.

• పాలపుంత కోసం ఫిబ్రవరి, మార్చిలో తెల్లవారుజామున నాలుగుకి వెళ్లండి. త్రిశంకు కోసం మే నెల మధ్యలో రాత్రి తొమ్మిదికి దక్షిణం వైపు చూడండి, నిటారుగా ఉంటుంది.

• ఇరవై నిమిషాలు ఫోన్ ముట్టుకోవద్దు. ఒక్కసారి స్క్రీన్ చూస్తే లెక్క మళ్లీ మొదటికే. టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం చుట్టండి.

• ఫొటో కావాలంటే ఫోన్‌ని చెప్పుల జతకి ఆనించి కదలకుండా పెట్టండి. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 1600, షట్టర్ 15 సెకన్లు, టైమర్ 3 సెకన్లు.

• అమావాస్యకు పోటు ఎక్కువగా ఉంటుంది. అలకు చాలా ఎగువన కూర్చోండి. నీళ్లలోకి అస్సలు దిగొద్దు. ఒంటరిగా వెళ్లొద్దు, చోటును ముందుగా పగలు చూడండి. నేవీ, పోర్టు హద్దుల జోలికి పోవద్దు.

• ఊరి వాళ్లు ఎదురైతే ఎందుకొచ్చారో మీరే ముందు చెప్పండి. చెత్త మీతోనే తెచ్చేయండి.

నాన్న రెండో కంటికి డాక్టర్ తేదీ ఇచ్చారు. ఆపరేషన్ అయి, చుక్కల మందు కోర్సు పూర్తయ్యాక మే అమావాస్యకు మళ్లీ తంతడి అని ఆయనే క్యాలెండర్‌లో సున్నా చుట్టారు. ఈసారి అమ్మ కూడా వస్తానంది. నిమ్మకాయలు ఎన్ని తెస్తుందో చూడాలి.